అమ్మ కనిపెట్టిన నీహారిక

మా వాడికి రెండున్నరేళ్ళు నిండాయి. ఇంకా ఒక్క మాట రాలేదు. ఈ రెండు వాక్యాలూ ఇలా పక్కపక్కన రాయడం నాకు ఇదే మొదటిసారి. పోయిన వారం వరకూ నోటితో ఎవరి దగ్గరా అనలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ మనవడు ఏమంటున్నాడని అడిగే మా అత్తగారితో అనలేదు. రెండేళ్ళ చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు నర్సు, బాబు రెండు మాటలు కలిపి మాట్లాడుతున్నాడా అని అడిగితే, కళ్ళు దించుకోకుండా అవునన్నాను. ప్రాజెక్ట్ పని మీద వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్ళో ఉండే నా భర్త కిరణ్, వీడు నా దగ్గర ఏమీ మాట్లాడడేంటి అన్నప్పుడల్లా, నీ దగ్గర సిగ్గు, నాతో బాగానే మాట్లాడతాడు అన్నాను. ఒకసారి అన్న అబద్ధాన్ని నిలబెట్టడానికి వీడియోలు తీయడం మొదలుపెట్టాను. వాడు ఆడుకుంటుంటే ఫోన్ పట్టుకుని వెనకే తిరిగేదాన్ని. ఎక్కడో ఒకచోట వాడి నోట్లోంచి "పా" అని వచ్చేది. ముందూ వెనకా కత్తిరించి, పాల కప్పు కనిపించేలా ఆ ముక్క ఒక్కటీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేదాన్ని. పాలు అంటున్నాడు అని అందరూ మురిసిపోయేవాళ్ళు. నేనూ మురిసిపోయేదాన్ని. అదే అన్నిటికంటే సిగ్గుచేటు.

పోయిన వారం అమ్మ న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉన్న మా అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. సూట్‌కేస్ తెరిచి గోంగూర పచ్చడి, సున్నుండలు, కంది పొడి ఒక్కొక్కటే బయటపెట్టింది. వాటి అడుగున మడతపెట్టిన ముదురు నీలం దుప్పటి ఒకటి ఉంది. ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన గోధుమరంగు మచ్చ. "వీడు కింద కూచుని ఆడుకుంటాడు కదా అని తెచ్చానే. గట్టి గుడ్డ, ఇంకా చిరగలేదు" అంది అమ్మ. నాఫ్తలీన్ వాసన ముక్కుకి తగలగానే నా చేతులు వాటంతట అవే లేచాయి. రెండు కొసలూ పట్టుకుని దుప్పటిని తల మీదికెత్తి గోడలా నిలబెట్టాను. అమ్మ నవ్వింది. "ఇంకా మర్చిపోలేదన్నమాట" అంది. మర్చిపోయే సంగతా అది. నా చిన్నతనంలో ఒక చలికాలం మొత్తం నేను ఆ దుప్పటి వెనకే నిలబడ్డాను.

మేం అమెరికా వచ్చిన కొత్తలో పార్సిప్పనీలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో కింది అంతస్తులో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల సగం మంది తెలుగువాళ్ళే. పొద్దున్నే నాన్న ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి మూర్తి అంకుల్ కార్‌లో ఆఫీస్‌కి వెళ్ళిపోయేవారు, నేను స్కూల్ బస్ ఎక్కేదాన్ని. ఇంట్లో అమ్మ ఒక్కతే మిగిలేది. తెనాలిలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసిన మనిషి. ఇక్కడ ఆమె వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. తాలింపు వేసే ముందు స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడగడం, బేస్‌మెంట్‌లో మెషీన్ ఖాళీ అయిందో లేదో చూసి బట్టలు వేసి రావడం, నాన్న డబ్బాలోకి చపాతీలు వత్తడం, ఇవన్నీ పూర్తయ్యేసరికి పదకొండు కూడా అయ్యేది కాదట. ఆ తర్వాత కార్పెట్ మీద కూచుని కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసేదట. ఈ సంగతి ఆమె ఫిర్యాదుగా ఎప్పుడూ చెప్పలేదు. బట్టలు ఆరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పినట్టే చెప్పేది. ఇండియా నుంచి తెచ్చుకున్న ముగ్గుపిండి పొట్లం మాత్రం విప్పకుండానే సింక్ కింద ఉండిపోయింది. వాకిలి లేని ఇంట్లో దానితో పనేముంది.

టెలిస్కోప్ ఒక యార్డ్ సేల్‌లో, ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మేచోట, దొరికింది. భర్త పోయిన ఒక అమెరికన్ ముసలావిడ, దాన్ని ఎవరైనా వాడేవాళ్ళకే ఇస్తానని పట్టుబట్టి కూచుందట. అమ్మ ఆ గొట్టాన్ని చేత్తో తడిమి, అద్దంలోకి చూసి, వచ్చీరాని ఇంగ్లీష్‌లో రెండు ప్రశ్నలు వేయగానే, మారు మాట్లాడకుండా మా కార్ డిక్కీలో పెట్టించింది. నాన్న అది నాకోసమే అనుకున్నారు. ఇంటికొచ్చాక దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, స్క్రూలు స్టీలు గిన్నెలో వేసుకుని, పప్పు పొయ్యి మీద ఉందన్న సంగతి కూడా మర్చిపోయి అమ్మ కూచున్న తీరు చూశాక, నాకోసం కాదని ఆయనకీ అర్థమైంది. కొన్నాళ్ళకి ఒక పాత కెమెరా చేరింది. కంటితో చూసే కటకం తీసేసి ఆ చోట కెమెరా బిగించింది. చుక్కలు కదులుతూ ఉంటాయి కాబట్టి వాటితోపాటు గొట్టాన్ని మెల్లగా తిప్పే చిన్న మోటారు ఉండేది. అది గిర్రుమని సన్నగా మోగుతుండేది.

అమ్మ మనసు పడింది మృగశిర దగ్గర వరసగా కనిపించే మూడు చుక్కల మీద. మా అమ్మమ్మ వాళ్ళు వాటిని గొల్లకావడి అనేవాళ్ళట. ఆ మూడింట్లో ఎడమవైపు చివరి చుక్కని ఆనుకుని మంటలా ఎగిసే నీహారిక, అంటే వాయువుల మేఘం, ఒకటి ఉందని, అక్కడినుంచి వెలుతురు మన దగ్గరికి రావడానికే వందల ఏళ్ళు పడుతుందని, కంటికి కనపడదు గానీ ఫోటోకి దొరుకుతుందని చెప్పింది. పార్కింగ్ లాట్ దీపాల మధ్య ఒక్క ఫోటో తీస్తే ఏమీ రాదు, బూడిదరంగు తప్ప. అందుకని ఒకే చోటుని పదేపదే తీసి, అన్నిటినీ ల్యాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. "రోజూ పాల మీద మీగడ తీసి గిన్నెలో వేస్తాం చూడు, ఒక్క రోజుది చూస్తే ఏముంటుంది? వారం పోగయ్యాక చిలికితే వెన్న పడుతుంది. ఇదీ అంతే" అని నాకు చెప్పింది. ఫిజిక్స్ పాఠాలు ఎన్ని మర్చిపోయినా ఆ మీగడ మాత్రం నాకు గుర్తుండిపోయింది.

చలికాలం ఐదింటికే చీకటి పడేది. పెరుగన్నం తిని, పళ్ళేలు కడిగి, మబ్బు లేకపోతే "పద బుజ్జీ" అనేది అమ్మ. నాన్న ఆఫీస్ జాకెట్ చేతులు మడిచి తొడుక్కునేది. చీర కుచ్చెళ్ళ కింద ఉన్ని సాక్సులు, వాటి మీద చెప్పులు, తలకి మంకీ క్యాప్. కిటికీలోంచి పార్కింగ్ లాట్‌లోకి వైరు లాగి, గొట్టం మీద దుమ్ములా పట్టే మంచుని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టేది. ఇంట్లో హీటర్ పెట్టి కిటికీ తెరిస్తే న్యూజెర్సీ మొత్తాన్ని మేమే వెచ్చబెట్టాలని నాన్న లోపల్నుంచి విసుక్కునేవారు. సింక్ కింద ముగ్గుపిండికి అప్పుడు పని దొరికింది. టెలిస్కోప్ మూడు కాళ్ళూ రోజూ ఒకే చోట ఉండాలని, సరిగ్గా సరిపోయిన రోజున వాటి కింద తారు మీద మూడు ముగ్గు చుక్కలు పెట్టింది. వాన పడితే మళ్ళీ పెట్టేది. కెమెరాలో కూడా అంతే పద్ధతి. గొల్లకావడి చివరున్న ఆ ప్రకాశమైన చుక్క ఎప్పుడూ ఫోటోలో ఒకే మూలన ఉండాలి. దేవుడి గూట్లో ఏ విగ్రహం ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టినట్టు, ఒక వెంట్రుకవాసి కూడా జరగనిచ్చేది కాదు.

నా పని దుప్పటి పట్టుకోవడం. ఆఫీసుల నుంచి అంకుల్స్ కార్లు ఒక్కొక్కటే మలుపు తిరిగేవి. వాటి లైట్లు గొట్టం మీద పడితే ఫోటో పాడవుతుంది కాబట్టి, కారు చప్పుడు వినపడగానే నేను ఆ నీలం దుప్పటి రెండు చేతులతో ఎత్తి అడ్డం నిలబడాలి. కారు ఆగేది, అద్దం దిగేది. క్లాస్‌లో నా పక్కన కూచునే పిల్లలే వెనక సీట్లోంచి చూసేవాళ్ళు. ఒకరోజు మూర్తి అంకుల్ భార్య శిరీష ఆంటీ కిరాణా సంచులతో దిగి, హెయిర్ డ్రయ్యర్‌ని గొట్టం చుట్టూ తిప్పుతున్న అమ్మని చూసి, "ఏం శారదా, చుక్కలకి దిష్టి తీస్తున్నావా?" అంది. అమ్మ కూడా నవ్వి, "ఎండుమిరపకాయలు అయిపోయాయి శిరీష గారూ, మీ సంచిలో ఉంటే పడేయండి" అంది. నేను దుప్పటిలో మొహం దాచుకున్నాను. చలికి చేతులు పట్టు తప్పేవి. పని అయ్యాక దుప్పటి మడవడానికి ఇద్దరం చెరో రెండు కొసలూ పట్టుకుని, దులిపి, ఒకరి వైపు ఒకరం నడిచేవాళ్ళం. కొసలు కలిసినప్పుడు అమ్మ వేళ్ళు నా వేళ్ళకి తగిలేవి, ఐసు ముక్కల్లా. ఆమె మొహంలో మాత్రం తెనాలి కాలేజీ నుంచి ఇంటికి వచ్చినప్పటి వెలుగు ఉండేది. పగలంతా ఇంట్లో కనిపించని వెలుగు.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు నుంచి నన్ను పిలిచింది. పేర్చిన ఫోటో తెర మీద ఉంది. ప్రకాశమైన చుక్క, దాని పక్కన సన్నగా ఎర్రటి మంట. అమ్మ వేలు వాటి మీద లేదు. ఫోటోకి అవతలి వైపు, నల్లటి ఖాళీలో, దోసె తీసేశాక పెనం మీద మిగిలే మచ్చలాంటి పల్చటి తెల్లటి గుండ్రం మీద ఉంది. "ఇది నీకూ కనిపిస్తోందా?" అని అడిగింది. కనిపిస్తోందన్నాను. నాకు నిజంగానే కనిపించింది. మర్నాడు తీసిన వాటిలోనూ ఉంది, ఆ తర్వాతి వారం తీసిన వాటిలోనూ అక్కడే ఉంది. లైబ్రరీ నుంచి తెచ్చిన నక్షత్రాల పటాల్లో మాత్రం ఆ చోట ఏమీ లేదు. అమ్మ అన్నం కలుపుకుంటూ ఆగిపోయేది. పాలు పొంగిపోయేవి. ప్రతి రాత్రీ ఒకే చోట ఉంటోంది కాబట్టి అది నిజంగానే అక్కడ ఉండి ఉండాలి అనేది. ఆకాశాన్ని ఫోటోలు తీసేవాళ్ళ క్లబ్ ఒకదానికి ఫోటో పంపి, ఏమంటారో చూద్దాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు అంది.

నాన్న కార్‌పూల్‌లో చెప్పేశారు. ఆయన్ని తప్పుపట్టలేను. రోజూ ఆ కార్‌లో ప్రమోషన్లు, గ్రీన్‌కార్డులు, కొత్త ఇళ్ళ గురించి వినేవారు. ఆయన దగ్గర చెప్పుకోవడానికి మొదటిసారి ఏదో దొరికింది. మూర్తి అంకుల్ మా ఊరి తెలుగు సంఘం కమిటీలో ఉండేవారు. ఆ వారం తిరక్కుండానే ఉగాది కార్యక్రమంలో అమ్మకి సన్మానం ఖాయమైంది. మన సభల్లో సన్మానం లేకపోతే భోజనాలు మొదలుకావు. ప్రతి ఏడూ ఒక డాక్టర్‌కో, ఇల్లు కొనుక్కున్న దాతకో శాలువా కప్పుతారు. ఆ ఏడు కొత్త నీహారికను కనుగొన్న తెలుగు మహిళ దొరికింది. బ్యానర్ మీద అమ్మ పాస్‌పోర్ట్ ఫోటో ఎంత పెద్దదిగా వేశారంటే చెవి జూకా నా తలంత ఉంది. ఇన్నాళ్ళూ దుప్పటి చూసి నవ్విన పిల్లలు, మీ అమ్మ పేరు పెడతారా దానికి అని నన్ను అడిగారు. పెడతారేమో అన్నాను.

క్లబ్ నుంచి జవాబు ఆ తర్వాత వచ్చింది. ఒక పెద్దాయన రెండే ముక్కలు రాశాడు. టెలిస్కోప్‌ని కాస్త పక్కకి జరిపి, చుక్కని ఫోటోలో వేరే మూలన పెట్టి తీయండి. గుండ్రం ఆకాశంలో ఉంటే చుక్కలతోపాటు ఉంటుంది, మీ కెమెరాలో ఉంటే చోటు మారుతుంది. అమ్మ ఆ జవాబు చదివి, లేచి కిటికీలోంచి ఆకాశం చూసింది. ఇక చూస్తే మబ్బులు. రోజుల తరబడి మబ్బులు. వసంతం వస్తున్నకొద్దీ గొల్లకావడి పడమటికి దిగిపోతోంది, ఇంకొన్ని రోజులైతే పొద్దు వెలుగులో కలిసిపోతుంది. సన్మానానికి ముందురోజు సాయంత్రం ఆకాశం తెరిపి ఇచ్చింది. మా ముగ్గు చుక్కల దగ్గర్నుంచి చూస్తే బిల్డింగ్ అడ్డం. అమ్మ మొదటిసారి ఆ చుక్కలు వదిలి, టెలిస్కోప్‌ని చెత్త డబ్బాల పక్కకి మోసుకెళ్ళి, ప్రకాశమైన చుక్కని అవతలి మూలన పెట్టి తీసింది. నేను దుప్పటి పట్టుకున్నాను. లోపలికొచ్చి ఫోటోలు పేర్చింది. ఎర్రటి మంట చుక్కతోపాటు కదిలి దాని పక్కనే ఉంది. తెల్లటి గుండ్రం మాత్రం ఎగిరి ఫోటోలో ఇటువైపుకి వచ్చి కూచుంది. అది ఆ చుక్క వెలుతురే. మా గొట్టంలోని అద్దాల మధ్య తగిలి వెనక్కి పడిన వెలుతురు. రోజూ అన్నీ ఒకేలా సర్దాం కాబట్టి అదీ రోజూ ఒకేలా కనిపించింది. "జరిపి చూడాలన్న ఆలోచన నాకెందుకు రాలేదు? ల్యాబ్‌లో పిల్లలకి చెప్పేదాన్ని కదా" అంది అమ్మ, నాతో కాదు.

మర్నాడు కార్‌లో నాన్న మెల్లగా నచ్చచెప్పారు. హాల్ బుక్ అయింది, బ్యానర్ కట్టేశారు, మూర్తి గారు అందరినీ పిలిచారు. ఇవాళ్టికి శాలువా కప్పించుకో, నెల పోయాక నిదానంగా చెప్పొచ్చు. వచ్చేవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళే, ఎవరికి తెలుస్తుంది? అమ్మ వెంకటగిరి చీర కట్టుకుని, ఒళ్ళో ఉన్న చేతుల కేసి చూస్తూ కూచుంది.

ఒక స్కూల్ కెఫెటేరియాలో సభ. పులిహోర వాసన, ఉగాది పచ్చడి కప్పులు, స్టేజ్ పక్కన పట్టు లంగాల్లో డాన్సుకి సిద్ధంగా ఉన్న పిల్లలు. వాళ్ళలో నేనూ ఉన్నాను. అమ్మ పేరు పిలిచారు. మూర్తి అంకుల్ శాలువా విప్పుతుంటే అమ్మ చేయి అడ్డం పెట్టి మైక్ అందుకుంది. "శాలువా కప్పకముందే ఒక మాట చెప్పాలండీ. నేను తీసిన ఫోటోలో ఉన్నది కొత్త నీహారిక కాదు. అది ఆకాశంలో లేదు, నా కెమెరాలో ఉంది. నేను పొరబడ్డాను."

హాలంతా చప్పట్లు కొట్టింది. మూర్తి అంకుల్ ఇంకో మైక్ తీసుకుని, చూశారా, కనిపెట్టిన మనిషే నాదేం లేదంటోంది, మన తెలుగు ఆడపడుచు వినయం అదీ అన్నారు. అంటూనే శాలువా ఆమె భుజాల మీద వేశారు. ఇంకా గట్టిగా చప్పట్లు. నాన్న ముందు వరసలో చప్పట్లు కొడుతున్నారు. ఇంతటితో అయిపోయింది అనుకున్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ నిజం చెప్పేసింది, ఎవరూ నమ్మలేదు, ఇక దిగి వచ్చేయొచ్చు. కానీ మైక్‌లో ఆమె ఊపిరి వినిపించింది, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. "వినయం కాదండీ. నిజంగానే అక్కడ ఏమీ లేదు" అంది. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద మెమెంటో పక్కన ఉంచింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో చిన్నపిల్లాడు ఉగాది పచ్చడి చేదుగా ఉందని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు తప్ప ఇంకేం లేదు. నా డాన్స్ తర్వాతిదే. ఆ స్టేజ్ మీదే, ఆ బ్యానర్ కిందే చేశాను. ఏ అడుగు ఎక్కడ వేశానో తెలియదు.

ఆ తర్వాత కార్‌పూల్‌లో నాన్న వెనక సీట్లోకి మారారు. తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లకి పిలుపులు తగ్గాయి. పిలిచినా ఎవరో ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని వచ్చి, ఏమ్మా, మీ అమ్మ కొత్త చుక్క ఏమైనా పట్టుకుందా అనేవాడు. నేను అమ్మని చూసి సిగ్గుపడింది పొరబడినందుకు కాదు. పొరబడటం నాకు అర్థమయ్యేది. రెండోసారి ఎందుకు చెప్పిందన్నదే ఎంతకీ అర్థమయ్యేది కాదు. మొదటిసారి చెప్పింది చాలదా? మళ్ళీ చలికాలం రాగానే అమ్మ మూడు ముగ్గు చుక్కలూ పెట్టింది, ఈసారి పాతచోట కాదు. నాకు హోంవర్క్ ఉందన్నాను. నన్ను బలవంతపెట్టలేదు. బట్టలారేసే స్టాండ్ తెచ్చి దాని మీద నీలం దుప్పటి వేసి కార్ల వైపు నిలబెట్టుకుంది. మడతపెట్టడం ఒక్కతికి సరిగ్గా కుదరదు. ఆ చలికాలమంతా దుప్పటి వంకరటింకర మడతల్లోనే కుర్చీ మీద ఉండేది.

ఇప్పుడు ఆ దుప్పటి ఇర్వింగ్‌లో మా హాల్‌లో పరిచి ఉంది. అమ్మ వచ్చిన మూడోరోజు, నేను వంటింట్లో చారు పెడుతున్నాను. అమ్మ వాడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుంది. పాల కప్పు చూపించి "ఇదేంటి నాన్నా?" అంది. "పా" అన్నాడు వాడు. నా గుండె తేలికపడింది. విన్నావా అమ్మా అనబోయాను. అమ్మ కప్పు వీపు వెనక దాచి, ఎర్ర కారు చూపించింది. "పా." పైన తిరుగుతున్న ఫ్యాన్ చూపించింది. "పా." తర్వాత కప్పు ఒకవైపు, కారు ఒకవైపు పెట్టి "పాలేవి?" అంది. వాడు రెండిటి వైపూ చూడలేదు. దుప్పటి అంచు పట్టుకుని నెత్తి మీదికి లాక్కున్నాడు. అమ్మ కప్పునీ కారునీ అటుదిటు మార్చి మళ్ళీ అడిగింది. నాకు ఆ పద్ధతి తెలుసు. చెత్త డబ్బాల పక్కన నిలబడి నేను చూసిన పద్ధతే అది. పోపు మాడిన వాసన వస్తోంది. అమ్మ తలతిప్పి నా వైపు చూసింది.

వాడు పడుకున్నాక దుప్పటి మడవడానికి చెరో రెండు కొసలూ పట్టుకున్నాం. "డాక్టర్‌కి ఏం చెప్పావే?" అంది అవతలి కొస నుంచి. చెప్పాను. "కిరణ్‌కి?" అదీ చెప్పాను. దుప్పటి దులిపాం. వాడి బిస్కట్ పొడి నేల మీద రాలింది. నేను తిట్లకోసం చూస్తున్నాను. తిడితే బాగుండేది. ఒకరి వైపు ఒకరం నడిచి, కొసలు నా చేతిలో పెట్టేటప్పుడు మాత్రం అంది. "ఆ గుండ్రం చుట్టూ తిరిగి తిరిగి, పక్కనే ఉన్న అసలు నీహారికని నేను సరిగ్గా చూడనే లేదు బుజ్జీ. మొదటి ఫోటో నుంచీ ఉంది అది. సభ అయిపోయాక ఒకరోజు కూచుని చూశా. ఎంత బావుందో." అంతే. వాడి చెమట పట్టిన మెడ తుడవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం కిరణ్ ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చాడు. బూట్లు విప్పుతుండగానే చెప్పేశాను, కూచున్నాక చెప్దామనుకుంటే మళ్ళీ చెప్పలేనని. వాడికి మాటలు రాలేదు, నాతోనూ మాట్లాడడు, ఎప్పుడూ మాట్లాడలేదు. డాక్టర్‌కి అబద్ధం చెప్పాను. వీడియోలన్నీ కత్తిరించినవే. అతను ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోప్పడతాడనుకున్నాను. "నాతో మాత్రమే మాట్లాడట్లేదు అనుకున్నా. వారమంతా ఉండను కదా, నేనంటే వాడికి ఇష్టం లేదేమో అనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు. నేను చేసిన పనిలో ఇది ఒకటి ఉందని నాకు ఆ నిమిషం వరకూ తెలియదు. సంపాదించి పెడుతున్న మనిషి, కొడుక్కి తనంటే ఇష్టం లేదనుకుంటూ విమానాలు ఎక్కి దిగుతున్నాడు, నా ఒక్క మాట వల్ల. అమ్మ అబద్ధం ఇలా ఎవరి మనసునీ కోయలేదు. అసలది అబద్ధమే కాదు, పొరపాటు. తెలిసిన మర్నాడే హాల్‌లో అందరి ముందూ నిలబడి దాన్ని సరిదిద్దింది. నాకు హాల్ లేదు, బ్యానర్ లేదు, నన్నెవరూ స్టేజ్ ఎక్కించలేదు. నాకున్నదల్లా ఒక ఫోన్. దాంతో పిల్లవాడి పేరు మీద ఏడాదిపాటు నేను సన్మానం చేయించుకున్నాను.

శుక్రవారం డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. అవతలి నర్సు ఏమీ ఆశ్చర్యపోలేదు. చెవులు పరీక్ష చేయాలి, మాటలు నేర్పే స్పీచ్ థెరపీ వాళ్ళ దగ్గరికి పంపాలి, ఈలోగా బాబు మామూలుగా ఆడుకునేటప్పటి వీడియో ఒకటి తీసి ఉంచండి అంది. తీయడానికి ముందు నా ఫోన్‌లో ఉన్న పాతవి, కత్తిరించకముందువి, చూశాను. ప్రతిదాంట్లోనూ నా గొంతే ఉంది. ఇదేంటి నాన్నా, పాలా, పాలు అను, పా అను. వాడు నా వైపు చూడటం లేదు. నా గొంతు వినపడగానే దూరం జరుగుతున్నాడు. ఇవాళ తీసినదాంట్లో నేను ఏమీ అడగలేదు. వాడు దుప్పటి కింద దూరాడు, కాసేపు కదలకుండా ఉన్నాడు. మెల్లగా బయటికొచ్చి, వాళ్ళ నాన్న వేలు పట్టుకుని తలుపు దాకా లాక్కెళ్ళి, స్విచ్ వైపు చూపించాడు. లైటు వెలిగాక వెనక్కి తిరిగి అది నేనూ చూశానా లేదా అని నా మొహంలోకి చూశాడు. మాట ఒక్కటీ లేదు. కానీ అంత సూటిగా వాడు చూస్తాడని నాకు ఇంతకుముందు తెలియదు. ఎలా తెలుస్తుంది, ఆ ముక్కలన్నీ నేను కోసి పారేసినవే.

ఇందాక వాడు నిద్రపోయాక, ఎక్కడా కత్తిరించకుండా ఆ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. కింద ఇంగ్లీష్ కలపకుండా తెలుగులో రాశాను, చిన్నూకి ఇంకా మాటలు రాలేదు, డాక్టర్‌కి చూపిస్తున్నాం అని. మా అత్తగారికి అక్కడ తెల్లవారి ఉంటుంది. వెంటనే జవాబు వచ్చింది. "దిష్టి తగులుతుందని అలా పెట్టావు కదమ్మా. మంచిపని చేశావు. మొన్న పాలు అన్నాడుగా, మేం వినలేదా?" దాని కింద ఆడపడుచు నవ్వుతున్న బొమ్మ పెట్టింది. ఇంకెవరో దండం పెట్టారు.

ఇక్కడ ఆపేసినా చెల్లిపోతుంది. చెప్పాను కదా, వాళ్ళే నమ్మలేదు. పక్క గదిలో అమ్మ, వాడు ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఇస్త్రీ మచ్చ ఉన్న మూల మంచం మీదనుంచి వేలాడుతోంది. ఆ మైక్‌లో వినిపించిన ఊపిరి, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి, నాకు ఇప్పుడు నా ఛాతీలో వినిపిస్తోంది. ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"దిష్టి గురించి కాదు అత్తయ్యా. వాడు పాలు అనలేదు. అన్నట్టు నేనే చూపించాను."